నూరుసార్లు కడిగిన నెయ్యి: ముదిమి చర్మానికి చల్లని లేపనం

మనిషి ఆయువును పదేసి సంవత్సరాల దశకాలుగా విభజించి, ఒక్కొక్క దశకంలో మన నుండి ఏది తరిగిపోతూ వస్తుందో శార్ఙ్గధరుడు తన సంహితలో వరుసగా చెప్పాడు. మొదటి దశకంతో బాల్యం పోతుంది. రెండవదానితో ఎదుగుదల ఆగుతుంది. మూడవదానితో మేనికాంతి, నాల్గవదానితో మేధ తగ్గుముఖం పడతాయి. ఐదవ దశకంలో చర్మం వంతు వస్తుంది. ఆ తరువాతిది కంటిచూపు. ఐదవ దశకమంటే 40 నుండి 50 ఏళ్ల మధ్య కాలం. స్త్రీలలో ఋతుక్రమం తడబడి, క్రమంగా ఆగిపోయే దశ కూడా సుమారుగా అదే కావడం గమనించదగిన విషయం.

ఆ వయసు దాటిన సోదరీమణులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: "ముఖం బిగుసుకుపోతున్నది, ముడతలు పడుతున్నాయి, ఇంట్లో చేసుకోదగినది ఏదైనా చెప్పండి." పూర్వం నేను ఈ ప్రశ్నకు తడుముకోకుండా సమాధానం చెప్పేదాన్ని. ఆ సమాధానాలలో ఒకటి మా అక్కయ్యకు ఎంత కష్టం తెచ్చిందో చూసిన తరువాత నా పద్ధతి మార్చుకొన్నాను. అందుచేత ఈ వ్యాసంలో ముందుగా నా పొరపాటు చెప్పి, ఆ తరువాతే లేపనం సంగతికి వస్తాను.

నేను చేసిన పొరపాటు

2016 మాఘమాసంలో మా అక్కయ్య రెండవ కుమారుని వివాహం నిశ్చయమైంది. అప్పటికి ఆమెకు 60 సంవత్సరాలు. అంతకు మూడు నెలల ముందు, కార్తీకమాసంలో, ఆమె మా ఇంటికి వచ్చి అద్దం ముందు నిలబడి, "ఏమే, ముఖమంతా ఎండిన నేరేడాకులా అయిపోయింది. పెళ్లిపీటల దగ్గర అందరూ చూస్తారు. ఏదైనా చెప్పవే" అన్నది. శనగపిండిలో నిమ్మరసం పిండి రోజూ ఉదయం పట్టించుకొమ్మని చెప్పాను. ఎన్నో ఇళ్లలో చెప్పుకొనే చిట్కాయే కదా అని నా ధీమా. ఆమె వయసేమిటి, ఆమె చర్మం ఎటువంటిది, అది ఏ ఋతువు అన్న ఆలోచనే నాకు కలుగలేదు.

శనగపిండి చర్మంపై ఉన్న జిడ్డును పీల్చివేస్తుంది. జిడ్డు ఎక్కువగా ఉండే పడుచుదనంలో అది మేలే. నిమ్మరసం తీవ్రమైన ఆమ్లం. దాని పీహెచ్ సుమారు 2. మన చర్మానికి సహజంగా ఉండే ఆమ్లస్వభావం 5కు అటూ ఇటూ మాత్రమే. పైగా నిమ్మజాతి పండ్ల రసం రాసిన చర్మానికి ఎండ తగిలితే మంట, నల్లమచ్చలు రావచ్చు. చలికాలంలో, అరవయ్యేళ్ల పొడి చర్మానికి, ఉన్న కొద్దిపాటి స్నిగ్ధతను కూడా తుడిచివేసే చికిత్స నేను చెప్పాను. పది రోజులలో అక్కయ్య చెక్కిళ్లపై పొట్టు లేచింది. నవ్వితే మండేది.

అది నాతో చెబితే నేను నొచ్చుకొంటానని ఆమె చెప్పలేదు. ఊళ్లో ఒక గాజుల కొట్టులో ఎవరో చూపించిన చిన్న డబ్బా క్రీము కొని రాసుకోవడం మొదలుపెట్టింది. ఆ డబ్బాపై ఏ పదార్థాలతో తయారైందో వివరమే లేదు. మొదటి మూడు వారాలు ముఖం నిగనిగలాడింది. ఐదారు వారాల తరువాత చెక్కిళ్లు ఎర్రబారి, సన్నని రక్తనాళాలు పైకి కనిపించసాగాయి. ఒక్కరోజు క్రీము మానితే ముఖమంతా భగ్గున మండేది. పెళ్లిలో ఆమె పైట కొంగు చెంపలపైకి లాక్కొని తిరిగింది. ఫోటో తీసేవాడు పిలిచిన ప్రతిసారీ ఏదో పని కల్పించుకొని వంటశాలలోకి వెళ్లిపోయింది. కొడుకు పెళ్లి ఆల్బమ్‌లో తల్లి ముఖం సరిగా కనిపించే ఫోటో ఒక్కటీ లేదు.

పెళ్లి తరువాత చర్మవైద్యురాలి వద్దకు తీసుకొని వెళ్లాను. ఆమె చూడగానే, ఆ క్రీములో స్టెరాయిడ్ కలిసి ఉండాలని, దానివల్లనే చర్మం పలుచబడిందని చెప్పింది. ఆ క్రీము మాన్పించి, మంట తగ్గడానికి మందులిచ్చింది. చర్మం కుదుటపడడానికి ఏడు నెలలు పట్టింది. ఇటువంటి దుష్ఫలితాలు దేశమంతటా పెరిగినందువల్లనే 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ ఉంటేనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చింది. పదార్థాల వివరం లేని డబ్బాను ఎంత తక్కువ ధరకు వచ్చినా ఇంటికి తేవద్దని సోదరీమణులకు నా మనవి.

మందులు ఆపే సమయం వచ్చినప్పుడు, "ఇక ముఖానికి ఏం రాసుకోవాలి?" అని అక్కయ్య భయంభయంగా అడిగింది. "సువాసన, రంగు, మందు ఏదీ లేనిది, చర్మంలో తడి నిలిపేది ఏదైనా చాలు" అన్నది వైద్యురాలు. ఆ మాట వినగానే నాకు మా అమ్మ గుర్తుకు వచ్చింది. చలికాలంలో మడమలు పగిలితే, ఎండాకాలంలో అరికాళ్లు మండితే, అమ్మ ఒక గాజుసీసాలో నుండి తెల్లని వెన్నముద్ద వంటిది తీసి రాసేది. "కడిగిన నెయ్యి" అనేది దానిని. శాస్త్రంలో దాని పేరు శతధౌత ఘృతం.

ముదిమిలో చర్మానికి ఏమవుతుంది?

ఆయుర్వేదం ప్రకారం బాల్యంలో కఫం, నడివయసులో పిత్తం, వార్ధక్యంలో వాతం ప్రధానంగా ఉంటాయి. వాతానికి రూక్షత, అంటే పొడిదనం, ముఖ్య లక్షణం. స్పర్శేంద్రియంలో వాతం అధికమని, ఆ ఇంద్రియం చర్మాన్ని ఆశ్రయించి ఉన్నదని చరకుడు సూత్రస్థానంలో అభ్యంగాన్ని గురించి చెబుతూ వివరించాడు. నూనె పట్టిన కుండ, నూనెతో మర్దించిన తోలు, కందెన వేసిన బండి ఇరుసు ఎలా గట్టిపడి ఒత్తిడికి తట్టుకొంటాయో, స్నేహద్రవ్యంతో శరీరమూ అలాగే దృఢపడుతుందని ఆయన పోలిక. వాగ్భటుడు కూడా దినచర్యలో నిత్యాభ్యంగాన్ని విధించి, అది ముదిమిని, అలసటను, వాతాన్ని పోగొడుతుందన్నాడు.

చరకుడు చర్మాన్ని ఆరు పొరలుగా వర్ణిస్తూ, అన్నింటికంటె పైపొరకు ఉదకధర అని పేరు పెట్టాడు. నీటిని ధరించేది అని దాని అర్థం. నాకు ఈ వ్యాసంలో అన్నింటికంటె ముఖ్యమని తోచే మాట ఇదే. ఆధునిక వైద్యులు చెప్పేది కూడా దీనికి దూరంగా లేదు. చర్మపు పైపొరలోని కణాలు గోడలో ఇటుకల వలె అమరి ఉంటాయి. వాటి నడుమ కొవ్వు పదార్థాలు సున్నం వలె నిండి, లోపలి నీరు ఆవిరై పోకుండా కాపాడుతాయి. వయసుతో ఈ కొవ్వు తగ్గుతుంది. చర్మగ్రంథుల నుండి ఊరే జిడ్డు కూడా, ముఖ్యంగా ఋతుక్రమం ఆగిన స్త్రీలలో, తగ్గిపోతుంది. అందువల్ల నీరు త్వరగా ఆవిరై, చర్మం బిగుసుకొని, దురదపెట్టి, సన్నని గీతలు ఏర్పడతాయి.

అయితే ముడతలన్నీ పొడిదనం వల్ల వచ్చేవి కావు. చర్మానికి పట్టునిచ్చే కొల్లాజెన్ అనే మాంసకృత్తు వయసుతో క్షీణించడం వల్ల లోతైన ముడతలు వస్తాయి. దానికంటె పెద్ద శత్రువు ఎండ. ఇది నిజమో కాదో తెలుసుకోవడానికి పుస్తకం అక్కరలేదు. మీ ముఖాన్ని, మీ దండచేతి లోపలివైపు చర్మాన్ని ఒకసారి పోల్చి చూడండి. రెండింటికీ వయసు ఒకటే. ఎండ తగలని చోట చర్మం ఇంకా నునుపుగా, తెరపిగా ఉంటుంది. ఆ తేడాలో పెద్దభాగం ఎండ చేసిన పనే.

శతధౌత ఘృతం అంటే

శతధౌతమంటే నూరుసార్లు కడిగినది. చరక సంహితలో విసర్పమనే చర్మవ్యాధికి పూతగా శతధౌత ఘృతాన్ని, ఒళ్లు మండే దాహజ్వరానికి సహస్రధౌత ఘృతాన్ని, అంటే వేయిసార్లు కడిగిన నేతిని చెప్పారు. శాస్త్రంలో దీని ముఖ్య ప్రయోజనం దాహాన్ని చల్లార్చడం, చర్మానికి స్నిగ్ధత నివ్వడం. ముడతలను మాయం చేసే మంత్రమని దీనిని ఎవరైనా పొగిడితే నమ్మవలసిన పనిలేదు.

నేతిని నీటితో కలిపి పదేపదే రుద్దినప్పుడు నీరు అతి సూక్ష్మమైన బిందువులుగా విడిపోయి నేతిలో ఇమిడిపోతుంది. పసుపు వన్నె పోయి తెల్లబడుతుంది, పూస కరిగిపోతుంది, వాసన తగ్గుతుంది, పరిమాణం పెరుగుతుంది. చర్మానికి రాసినప్పుడు ఆ నీరు ఆవిరవుతూ చల్లదనాన్నిస్తుంది. నెయ్యి పలుచని పొరగా నిలిచి లోపలి తడిని పట్టి ఉంచుతుంది. క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో రోము నగరంలో ఉండిన గ్రీకు వైద్యుడు గాలెన్, తేనెమైనం, ఆలివ్ నూనె, గులాబీ నీరు కలిపి ఇటువంటి చల్లని లేపనమే చేశాడంటారు. నేటి కోల్డ్ క్రీముల వంశానికి మూలపురుషుడు అదే. ఎక్కడి గాలెన్, ఎక్కడి మా అమ్మ! ఇద్దరూ పట్టుకొన్న సూత్రం మాత్రం ఒక్కటే.

కావలసినవి

ఆవునెయ్యి 100 గ్రాములు. కాచి చల్లార్చిన మంచినీరు 10 లీటర్లు. వెడల్పాటి రాగి పళ్లెం ఒకటి. రుద్దడానికి అడుగు నునుపుగా ఉన్న రాగి చెంబు ఒకటి. లెక్కకు 100 చింతపిక్కలు. భద్రపరచడానికి మూత గట్టిగా ఉన్న గాజుసీసా ఒకటి.

నెయ్యి ఇంట్లో కాచినదైతే శ్రేష్ఠం. బజారు నేతిలో వనస్పతి కలిసే ప్రమాదమున్నది. వెన్న కాచేటప్పుడు తమలపాకో, మునగాకో, నాలుగు మెంతులో వేసే అలవాటు మన ఇళ్లలో ఉన్నది. లేపనం కోసం కాచే నేతిలో అవేవీ వేయవద్దు. గోకుడు నలకలు లేకుండా శుభ్రమైన పలుచని గుడ్డలో వడగట్టి, పూస కట్టేవరకు ఆగండి. కరిగిన నెయ్యి నీటితో కలవదు. మరీ గడ్డకట్టినది చెంబుకింద జారదు. అందువల్ల ఎండాకాలంలో ఈ పనిని తెల్లవారుజామునే పెట్టుకోవడం మంచిది.

రాగి పాత్రలను చింతపండు, ఉప్పు వేసి తోమి, పులుపు ఏమాత్రం మిగలకుండా కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. రాగి లేనివారు స్టీలు పళ్లెంలో చేసుకొన్నా నెయ్యి తెల్లబడి ముద్ద అవుతుంది. సంప్రదాయం మాత్రం రాగినే చెబుతుంది.

తయారుచేసే విధానం

నేతిని పళ్లెంలో వేసి, సుమారు 100 మిల్లీలీటర్ల నీరు, అంటే ఒక చిన్న గ్లాసెడు, పోయండి. చెంబు అడుగుతో ఒకే దిశలో గుండ్రంగా, మరీ ఒత్తకుండా, రెండు మూడు నిమిషాలు రుద్దండి. పళ్లెం మెల్లగా వంచి నీటిని వంపివేయండి. నేతి తునకలు నీటితో జారిపోకుండా చేయి అడ్డు పెట్టుకోండి. ఒక చింతపిక్కను పక్కకు తీసిపెట్టి, మళ్లీ కొత్త నీరు పోసి రుద్దండి. ఇలా చింతపిక్కలన్నీ ఈ కుప్ప నుండి ఆ కుప్పలోకి చేరేవరకు చేయాలి.

అక్కయ్య, నేను మొదటిసారి దీనిని మా పెరటి అరుగుపై కూర్చొని చేశాము. ఒకరి చేయి నొప్పి పుడితే ఇంకొకరు అందుకొన్నాము. మొదటి పది పన్నెండు సార్లు నీరూ నెయ్యీ వేరువేరుగానే ఉన్నాయి. "ఇది కలిసేది కాదే" అని అక్కయ్య నిరుత్సాహపడింది. ఇరవై దాటాక పసుపు వన్నె విరగసాగింది. నలభై దగ్గర మాటల్లో పడి పిక్క తీసిపెట్టామో లేదో మరచిపోయాము. అనుమానం వచ్చినప్పుడల్లా ఇంకొకసారి కడగమనేది అమ్మ. అలాగే చేశాము.

అరవై దాటిన తరువాత, చెంబు తిప్పుతూనే, తల ఎత్తకుండా, అక్కయ్య అడిగింది: "నిమ్మకాయ సంగతి నువ్వు చెప్పావని బావగారితో ఎప్పుడైనా అన్నానా?" "లేదు" అన్నాను. "అనను కూడా. నువ్వు మంచికే చెప్పావు. కాని ఒక్కమాట. నీ దగ్గరకు వచ్చేవాళ్లంతా నా మాదిరే నీ మాట నమ్ముతారు. చెప్పేముందు వాళ్ల ముఖం ఒకసారి చూడు." ఆ మాటకు నేను సమాధానం చెప్పలేకపోయాను. నీళ్లు వంపి, పిక్క తీసిపెట్టాను.

మొత్తం నాలుగున్నర గంటలు పట్టింది. నూరవ పిక్క తీసేసరికి పళ్లెంలో ఉన్నది నెయ్యి అంటే ఎవరూ నమ్మరు. నురుగు తేలిన వెన్న వలె తెల్లగా, తేలికగా, వేలికి తీస్తే జారకుండా నిలిచింది. వేళ్ల మధ్య రాస్తే పూస తగలకూడదు, నేతి వాసన దాదాపు ఉండకూడదు. ఇవే సరిగా తయారైందనడానికి గుర్తులు.

చివరిసారి నీటిని పూర్తిగా వంపి, ముద్దను నొక్కి, మిగిలిన నీటిని కూడా తీసివేయాలి. వెంటనే గాజుసీసాలోకి మార్చాలి. రాగి పళ్లెంలో రాత్రంతా వదిలివేస్తే చిలుము పట్టి పచ్చబడుతుంది, నెయ్యి త్వరగా చెడిపోతుంది.

వాడే పద్ధతి

రాత్రి నిద్రకు ముందు గోరువెచ్చని నీటితో ముఖం కడుక్కోండి. వేడినీరు వద్దు. అది చర్మంలోని స్నిగ్ధతను హరిస్తుంది. సబ్బు బదులు మెత్తని పెసరపిండిని పాలలో కలిపి, రుద్దకుండా, అలా తాకించి కడిగితే చాలు. తువాలుతో అద్దుకొని, ముఖంపై కాస్త తడి ఉండగానే, శనగగింజంత లేపనాన్ని అరచేతుల మధ్య పలుచగా చేసి, చెక్కిళ్లకు, నుదుటికి, మెడకు, చేతుల వెనుకవైపుకు అద్దండి. తడి ఆరిన తరువాత రాస్తే సగం ఫలితమే ఉంటుంది, ఎందుకంటే లేపనం పని తడిని నిలపడం. చేతివేళ్లను కింది నుండి పైకి, చర్మాన్ని లాగకుండా నడపండి. కంటిలోపల పడనివ్వవద్దు. అయిదు నిమిషాల తరువాత జిడ్డుగా అనిపిస్తే మెత్తని గుడ్డతో అద్ది తీసివేయవచ్చు.

పగటిపూట ఇది ఎండను ఆపదు. బయటికి వెళ్లేటప్పుడు గొడుగు, కొంగు, అవసరమైతే మంచి సన్‌స్క్రీన్ లేపనం తప్పనిసరి. రాత్రి నెయ్యి రాసి, పగలు ఎండలో తిరిగితే చిల్లికుండలో నీరు పోసినట్లే.

జాగ్రత్తలు

ముందుగా మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి, మూడు రాత్రులు వరుసగా చూడండి. దురద, ఎరుపు, దద్దుర్లు లేకపోతేనే ముఖానికి వాడండి. పాల పదార్థాలు పడనివారు దీని జోలికి పోవద్దు. జిడ్డు చర్మం, మొటిమలు ఉన్నవారికి ఇది తగదు. రంధ్రాలు మూసుకొని మొటిమలు పెరగవచ్చు. పడుచుపిల్లలకు సరదాకైనా రాయవద్దు.

ఇందులో నీరు ఉన్నది, నిలువ మందు ఏదీ లేదు. కాబట్టి సీసాను ఫ్రిజ్‌లో ఉంచి, పొడి చెంచాతోనే తీసుకోవాలి. మేము రెండు మూడు వారాలకు సరిపడేంతే చేసుకొంటాము. 100 గ్రాముల నేతితో చేసినది ఒకరికి ఎక్కువే అవుతుంది. కాబట్టి ఇద్దరు ముగ్గురు కలిసి చేసి పంచుకోవడం మంచిది. పుల్లని వాసన వచ్చినా, రంగు మారినా, చుక్కలు కనిపించినా మొహమాటం లేకుండా పారవేయండి.

పూర్వం దీనిని కాలిన గాయాలకు రాసేవారు. ఇంట్లో చేసిన లేపనం సూక్ష్మజీవులు లేనిదని చెప్పలేము. కాలిన వెంటనే 20 నిమిషాలపాటు కుళాయి కింద చల్లని నీటిధార పట్టి, వైద్యునికి చూపించడమే నేటి సరైన పద్ధతి. పగిలి రసి కారుతున్న చర్మానికి, పుండ్లకు కూడా రాయవద్దు. ఉన్నట్టుండి మారే పుట్టుమచ్చ, మానని పుండు, అకస్మాత్తుగా ఒళ్లంతా పొడిబారి దురదపెట్టడం వంటివి ఉంటే లేపనాలతో కాలక్షేపం చేయక వైద్యుని సంప్రదించాలి. థైరాయిడ్ లోపం, మధుమేహం వంటివి కూడా చర్మాన్ని ఎండబెడతాయి.

అంత శ్రమ పడలేనివారికి

నాలుగు గంటలు కూర్చోలేనివారు ఒక భాగం గ్లిజరిన్‌కు నాలుగు భాగాలు పన్నీరు కలిపి, తడి ముఖానికి పలుచగా రాసుకోవచ్చు. గ్లిజరిన్ నీటిని ఆకర్షించి పట్టి ఉంచుతుంది. కొనేటప్పుడు పన్నీరులో కృత్రిమ సువాసనలు లేకుండా చూసుకోండి. సువాసన పడనివారు కాచి చల్లార్చిన నీటినే కలుపుకోవచ్చు. దీనిని కూడా నాలుగైదు రోజులకు సరిపడేంతే కలిపి ఫ్రిజ్‌లో ఉంచాలి. స్నానానికి అరగంట ముందు ఒంటికి నువ్వులనూనె పట్టించుకోవడం మరొక సులభమైన మార్గం. ముఖచర్మం సున్నితమైనది కాబట్టి నూనెను అక్కడ కూడా ముందు పరీక్షించి చూడాలి.

ఏమి ఆశించాలి?

అక్కయ్య వైద్యురాలికి చూపించి, ఆమె సరేనన్న తరువాత, మొదట చేతిపై, తరువాత ముఖంపై ఈ లేపనం వాడడం మొదలుపెట్టింది. వారం రోజులలో ముఖం బిగుసుకుపోవడం తగ్గింది. నెల తిరిగేసరికి చెక్కిళ్లపై పొట్టు లేవడం పూర్తిగా ఆగింది. పొడిదనం వల్ల ఏర్పడిన సన్నని గీతలు మెత్తబడ్డాయి. నుదుటి పెద్ద ముడతలు, పెదవుల పక్కల గాడులు మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. ఆ విషయం నేను ఆమెతో ముందే చెప్పాను. ఈసారి ముఖం చూసి చెప్పాను.

2017 శ్రావణమాసంలో కొత్తకోడలి మొదటి వరలక్ష్మీ వ్రతానికి మేమంతా వెళ్లాము. ఫోటో తీస్తామని పిలిచినప్పుడు అక్కయ్య కోడలి పక్కన వచ్చి కూర్చొన్నది. కొంగు భుజంపైనే ఉన్నది. ఆ ఫోటోలో ఆమె ముడతలన్నీ స్పష్టంగా కనిపిస్తాయి, నవ్వు కూడా కనిపిస్తుంది. "ముడతలు పోలేదే చెల్లీ" అన్నది ఇంటికి వచ్చాక. "పోనీలే. ముఖం మండడం లేదు, నవ్వితే నొప్పి లేదు. అరవై ఏళ్లు దాటినదానికి ఇంకేం కావాలి?"

ఇప్పుడు ఎవరైనా వచ్చి ముఖానికి ఏం రాసుకోవాలని అడిగితే, నేను వెంటనే చెప్పను. దీపం దగ్గరకు రమ్మని, చెక్కిలిపై వేలితో తాకి చూస్తాను. జిడ్డు చర్మమా, పొడి చర్మమా, ఎండలో పని చేస్తారా, ఇంతకు ముందు ఏం రాసుకొన్నారు, ఆ డబ్బా ఏదీ అని అడుగుతాను. ఆ తరువాతే చింతపిక్కలు లెక్కపెట్టుకొమ్మంటాను. మీరు కూడా మీ ఇంటి పెద్దవారికి ఈ లేపనం చేసి ఇవ్వదలచుకొంటే, ముందు వారి చర్మాన్ని ఇలాగే ఒకసారి దగ్గరగా చూడండి. ఆ తరువాత వారి పక్కన అరుగుపై కూర్చొని, నూరుసార్లూ కలిసి కడగండి.